క్రిస్మస్‌కు ఒకే తాను బట్ట

మా ఇంట్లో క్రిస్మస్ అప్పు ఈస్టర్ దాకా సాగేది. డిసెంబరు మొదటివారంలో డైలీ ఫైనాన్స్ అతని దగ్గర తీసుకోవడం, బట్టలకు, కేకుకు, బిర్యానీకి, ఇంటి సున్నానికి, వచ్చిన చుట్టాల చీరలకు ఊడ్చిపెట్టడం. కొత్త సంవత్సరం వచ్చిన దగ్గరినుంచి రోజూ సాయంత్రం అతని బండి చప్పుడు వినబడగానే పిల్లలను వాకిట్లోకి పంపి, అమ్మ ఇంట్లో లేదని చెప్పించడం. యేసయ్య పుట్టిన పండుగ పేరు చెప్పి పిల్లలతో అబద్ధాలాడించే తల్లిని నేనొక్కదాన్నే కాదు. నస్పూర్‌లో మా వాడంతా అదే తంతు.

ఒక ఏడు ఆ మనిషి గుడ్ ఫ్రైడే నాడు చర్చి దగ్గరికే వచ్చేశాడు. లోపల యేసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన నడుస్తోంది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. గేటు పక్కన నీడలో బండికి ఆనుకుని నిలబడి, మేము ఎప్పుడు బయటికొస్తామా అని చూస్తున్నాడు. నాలుగో మాట దగ్గర నా కంటపడ్డాడు. ఆ తర్వాతి మూడు మాటలూ నా చెవికెక్కలేదు. నా పక్కన కూర్చున్న మా యారాలు కూడా అతన్ని చూసింది. ఆమె కట్టాల్సింది నాకంటే ఎక్కువే. ఆరాధన కాగానే ఇద్దరం వెనక తలుపునుంచి, పాస్టరు అయ్యగారి వంటింటి మీదుగా బయటపడ్డాం. చెప్పులు ముందు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. ఆ ఎండకు కాలే రోడ్డు మీద వట్టికాళ్లతో ఇంటికి నడిచాం. దారిలో ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇల్లు చేరాక ఏడుపొచ్చింది.

యారాలు అంటే మా బావగారి భార్య. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. మా మామ బొగ్గుబాయిలో పనిచేసి, ఒంట్లో బాగాలేక దిగిపోతే ఆయన నౌకరి పెద్దకొడుక్కు వచ్చింది. మా ఆయనకు అదే బాయిలో కాంట్రాక్టు పని దొరికింది. అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో డ్యూటీకి పోయి ఒకే మసితో తిరిగొస్తారు, జీతాలు మాత్రం వేరు. ఆ సంగతి నేను ఎన్నడూ నోరు జారి అనలేదు. అక్క కూడా ఎన్నడూ తేడా చూపలేదు. నాకు జ్వరమొస్తే నా పిల్లలకు జడలేసింది ఆమె, ఆమె కాన్పుకు ఆసుపత్రిలో పడుకుంది నేను. ఇదంతా ముందే చెప్పాలి. పరాయివాళ్లు మోసం చేస్తే నాలుగు రోజులు తిట్టుకుని మరిచిపోతాం.

ఆ గుడ్ ఫ్రైడే సాయంత్రం మా గడపలో కూర్చుని కాళ్లు కడుక్కుంటూ ఆమే అంది: "చెల్లె, వచ్చే క్రిస్మస్‌కు ఒక్క రూపాయి అప్పు తేవద్దు. మీ ఇంట్ల ఏముంటే మా ఇంట్ల గదే. రెండిండ్లు ఒక్కతీరు చేసుకుందాం. ఎవలన్న నవ్వితే ఇద్దర్ని జూసి నవ్వుతరు, ఒక్కదాన్ని జూసి కాదు."

ఆలోచన ఆమెది. నేను ఆమెకు నూరిపోసింది కాదు. మరుసటి వారం స్త్రీల కూటంలో కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన కూడా చేసింది, మా రెండు కుటుంబాలను అప్పుల బాధనుంచి విడిపించు తండ్రీ, ఈ ఏడు నీ పుట్టుకను ఉన్నదానితోనే జరుపుకునే మనసివ్వు అని. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. నాకైతే వెన్నెముక నిటారుగా అయినట్టు అనిపించింది.

అనుకోవడం తేలిక, ఎనిమిది నెలలు పట్టుకుని ఉండటం కష్టం. నేను ఇంట్లో మిషన్ కుడతాను. జాకెట్ల డబ్బులు ఇంటి ఖర్చుకు పోతాయి కాబట్టి, చీరలకు ఫాల్ కుట్టి పీకో చేసిన డబ్బులు మాత్రం వేరే డబ్బాలో వేశాను. అందులో చెయ్యి పెట్టినవాళ్ల చెయ్యి విరుగుతుందని ఇంట్లో చాటింపు వేశాను. మా ఆయన సిగరెట్లకు ఒకసారి చెయ్యి పెట్టాడు, విరగలేదు గానీ రెండు రోజులు కూర దొరకలేదు. సకినాలకు నువ్వులు ఒక నెలలో, చక్కెర ఇంకో నెలలో, ఇట్లా చీమలు కూడబెట్టినట్టు తెచ్చాను. కొత్త నక్షత్రం కొనలేదు. పాతదానికి వెదురుబద్దలు గట్టిగా ఉంటే రంగు కాగితం మార్చి అతికించాను. సున్నం మా ఆయన, నేను కలిసి వేసుకున్నాం. నిజం చెప్పొద్దూ, ఆ ఏడు నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. అప్పుకు పోయే ఆడవాళ్లను చూసి లోపల్లోపల జాలిపడేదాన్ని.

పండుగలో అన్నిటికంటే పెద్ద ఖర్చు బట్టలది. దానికీ ఒక దారి దొరికింది. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ పుట్టిల్లు సిరిసిల్ల. వాళ్లింటి పక్కన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆయన దగ్గర దుకాణదారు తిప్పి పంపిన తాను ఒకటి ఉందని, సగానికి సగం ధరకు ఇస్తాడని చెప్పింది. దసరా అయ్యాక అక్కా నేనూ బస్సెక్కి కరీంనగర్ మీదుగా పోయాం. సాంచాల చప్పుడులో ఆయన మాట వినబడక సైగలతో బేరం చేశాం. లేత ఆకుపచ్చ నూలుబట్ట, దాని మీద సన్నటి పసుపు గీతల గళ్లు. నేత మంచిదే. ఒక పక్క అంచు పొడవునా అక్కడక్కడ పోగు తప్పింది, అంతే. డబ్బు చెరిసగం ఇచ్చాం. తిరుగు బస్సులో తానును ఇద్దరి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, అది జారకుండా నవ్వుకుంటూ నస్పూర్ దాకా వచ్చాం.

ఆ ఒక్క తానులో ఎనిమిది మందికి బట్టలు. మగవాళ్లిద్దరికీ, మగపిల్లలిద్దరికీ చొక్కాలు. ఆడపిల్లలిద్దరికీ పొడుగు డ్రెస్సులు. అక్కకూ నాకూ జాకెట్లు, మీదికి ఇంట్లో ఉన్న చీరలే.

నా బిడ్డకు అప్పుడు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మంచిర్యాల దుకాణంలో అద్దం వెనక బొమ్మకు వేసిన నెట్ గౌను చూసి మనసు పడింది. తాను విప్పి చూపిస్తే, బెడ్‌షీట్ లెక్క ఉందని మొహం తిప్పుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం తన గదిలోనే తింది. మూడో రోజు నేనే పోయి దగ్గర కూర్చున్నాను. అక్క కూతురు నా బిడ్డకంటే ఒక ఏడు పెద్ద. ఆ పిల్ల పాపిట ఏ పక్కకు తీస్తే నా బిడ్డ ఆ పక్కకే తీస్తుంది. అందుకే ఆ దారిన పోయాను.

"అక్క గూడ గిదే ఏస్తది బిడ్డా. ఇద్దరు ఒక్కతీరు డ్రెస్సులేసుకుని ముందట నిలవడి పాడుతరు."

"అక్క ఒప్పుకున్నదా?"

"మీ పెద్దమ్మ నా ముందటనే ఒప్పుకున్నది. నాదీ జిమ్మ."

మూతి ముడుచుకునే ఒప్పుకుంది. కానీ గౌను మీద మనసు చంపుకుని ఒప్పుకున్నది నా మాట పట్టుకుని. ఆ వయసు పిల్ల పదిమందిలో ఏ బట్టతో నిలబడుతుందన్నది చిన్న విషయం కాదని నాకు తెలుసు. నేనూ ఆ వయసు దాటే వచ్చాను.

డిసెంబరు మొదటివారంలో అక్క పిల్లలను తీసుకుని కొలతలకు వచ్చింది. పల్లీలు నములుతూ గంటసేపు కూర్చుంది. తన జాకెట్‌కు చంకల దగ్గర జర వదులు పెట్టమంది. ఆమె కూతురు ఫోను పెట్టుకోవడానికి డ్రెస్సుకు పక్కన జేబు కావాలంది. నా బిడ్డ డ్రెస్సుకు లేని జేబు ఆ పిల్ల డ్రెస్సుకు పెట్టాను, పెద్దపిల్ల కదా అని. తప్పిన పోగులన్నీ కింద మడతలోకి, కుట్టు లోపలికి పోయేటట్టు కాగితం మీద గీసుకుని మరీ కత్తిరించాను. ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నాను, అంత ఇష్టంగా ఏ బట్టా కుట్టలేదు. ఆడపిల్లల డ్రెస్సులకు మెడ కింద చిన్నచిన్న కుచ్చులు పోసి చేత్తో కుట్టాను. గుండీలు కూడా పాత చొక్కాలవి విప్పి జతలు చేశాను.

పండుగకు నాలుగు రోజుల ముందు ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి వాళ్లింటికి తీసుకుపోయాను. అక్క సంచి అందుకుని బీరువా మీద పెట్టింది. తెరిచి చూడలేదు. కరీంనగర్ నుంచి వాళ్ల అన్నా వదినా పండుగకు వస్తున్నారట, ఇల్లంతా పరుపులు పరిచి సర్దుతోంది. పని మీద ఉందిలే అనుకున్నాను. బేకరీకి పోదామంటే నువ్వే పో చెల్లె అని, మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు కొడుకు చేతికిచ్చి పంపింది. మా దగ్గర పిండీ గుడ్లూ మనమే తీసుకుపోతే బేకరీవాడు కలిపి భట్టీలో పెట్టి బిస్కెట్లు కాల్చి ఇస్తాడు, కిలోకు ఇంత అని కూలి. మన డాల్డా పక్కవాళ్ల పిండిలోకి పోకుండా అక్కడే కాపలా కూర్చోవాలి. రెండిళ్ల డబ్బాల మధ్య సగం రోజు కూర్చుని, అక్కవి ఒక్కటి కూడా మాడకుండా చూసి తెచ్చాను. ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే దండం పెట్టాలనిపిస్తుంది.

క్రిస్మస్ పొద్దున నలుగురం తయారై అద్దం ముందు నిలబడ్డాం. స్కూలు బస్సెక్కేటట్టు ఉన్నామని మా ఆయన వేళాకోళమాడాడు. మా చిన్నవాడు కిలకిలా నవ్వాడు. నా బిడ్డ కూడా నవ్వింది. ఆమెకు డ్రెస్సు బాగా కుదిరింది, ఆ సంగతి ఆమెకూ తెలిసింది, చర్చికి పోయే దారిలో రెండుసార్లు కుచ్చులు సర్దుకుంది. వంటింట్లో కోడికూర ఉడికి ఉంది. ఎవరికీ ఒక్క పైసా బాకీ లేదు. నేను అంత తేలిగ్గా చర్చి గేటు దాటిన క్రిస్మస్ అంతకుముందు లేదు.

అక్కవాళ్లు ఇంకా రాలేదు. నా బిడ్డ ముందుకు పోయి పాటలు పాడే పిల్లల వరసలో నిలబడింది. నేను కూర్చుని వెనక్కి చూసేసరికి, చర్చి ఊడ్చి విందులకు గిన్నెలు తోమే ఆమె వస్తోంది. భర్త చనిపోయాక ఇద్దరు పిల్లలతో చర్చి వెనక గదిలో ఉంటుంది. ఆమె ఒంటి మీద లేత ఆకుపచ్చ జాకెట్. ఆ సాంచాలాయన ఇంకో తాను ఎవరికో అమ్మి ఉంటాడు అనుకున్నాను. ఆమె వెనకే కొడుకు, ఆకుపచ్చ గళ్ల చొక్కా. వాడి వెనక కూతురు. మెడ కింద నా చేతి కుచ్చులు, పక్కన జేబు. చివరికి గేటు కాపలా ముసలాయన వచ్చాడు, బావ కొలతకు కుట్టిన చొక్కా చేతులు వేళ్ల దాకా జారుతుంటే పైకి మడుచుకుంటూ. ఎనిమిది మందికి కుట్టాను. ఎనిమిది మందీ వేసుకున్నారు. నేను అనుకున్న ఎనిమిది మంది కాదు.

అప్పుడు అక్క వచ్చింది. ముదురు ఎరుపు పట్టుచీర. బావకు కోటు. కొడుకుకు బూట్లు. కూతురికి గులాబీరంగు నెట్ గౌను, నా బిడ్డ మనసు పడ్డలాంటిదే. అక్క అన్నా వదినా వెనక నడుస్తున్నారు. నాకు రెండు వరసల ముందు కూర్చుంది. తల తిప్పలేదు. ఆమె కూతురు గౌను ఎత్తి పట్టుకుని పోయి నా బిడ్డ పక్కన నిలబడింది. నా బిడ్డ ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూసింది, తర్వాత నన్ను చూసింది. పాట మొదలైంది. నా బిడ్డ పెదవులు కదిలాయి గానీ గొంతు వినబడలేదు.

ప్రసంగం అయ్యాక అయ్యగారు ఒక మాట చెప్పాలన్నారు. పెద్దాయన, మందపాటి అద్దాలు, ఎవరి చెడూ కోరని మనిషి. మన సంఘంలో ఒక సహోదరి చెప్పుకోకుండా బీదవారికి కొత్తబట్టలిచ్చిందని, పేరు చెప్పొద్దన్నా దేవుని ముందు చెప్పకుండా ఉండలేనని, అక్క పేరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క వదిన గర్వంగా చుట్టూ చూసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వింటూ ఉంటాం, కళ్లారా చూడటం నాకు అదే మొదలు. నా రెక్కల కష్టం, నా కంటిచూపు, నా కుచ్చులు, ఆమె పేరు మీద చప్పట్లు.

అంతటితో ఆగినా బాగుండేది. బట్టలు అందుకున్నవాళ్లు ముందుకు రావాలని, వాళ్లకోసం ప్రార్థన చేద్దామని అయ్యగారు పిలిచారు. గిన్నెలు తోమే ఆమె పిల్లలతో లేచి పోయింది. ముసలాయన పోయాడు. అయ్యగారు వాళ్లను వరసగా నిలబెట్టి, తలెత్తి చూసి, పాటల పిల్లల మధ్య అదే గళ్ల బట్ట కనబడితే చెయ్యి చాపారు.

"నువ్వు గూడ రా బిడ్డా. సిగ్గువడకు."

నా పక్కనున్నామె మోచేత్తో నన్ను మెల్లగా పొడిచి, నువ్వు కూడా పో, అయ్యగారు పిలుస్తున్నాడు కదా అంది. ఆమె మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అట్లా అనుకుంది.

నా బిడ్డ కదల్లేదు. నన్నే చూస్తోంది. నేను లేచి, అయ్యగారూ, మా బట్టలు మేము కొనుక్కున్నవి, ఆ బట్టలన్నీ నేను కుట్టినవి అంటే చాలు. రెండు ముక్కలు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నాకు. నోరు తెరిస్తే అక్క పరువు వాళ్ల వదిన ముందు పోతుంది, రెండిళ్లూ రచ్చకెక్కుతాయి. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా రోజులు అదే చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. గిన్నెలు తోమే ఆమెను చూసినప్పుడే నేను కొంగు రెండు భుజాల మీదుగా లాగి నిండా కప్పుకున్నాను. జాకెట్ కనబడకుండా. లేచి నిలబడితే నాదీ అదే బట్టని అందరూ చూస్తారు. బీదరాలినని అనుకుంటారు. ఉన్నదాంట్లో చేసుకోవడం గొప్ప అని ఏడాదంతా ఇంట్లో పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క చూపుకు భయపడ్డాను. కీర్తనల పుస్తకం తెరిచి అందులోకి తల దించాను. రెండు వరసల ముందు అక్క కూడా, ప్రార్థన ఇంకా మొదలుకాకముందే కళ్లు మూసుకుని తల దించుకుంది. మా ఆయన నా వైపు చూసి, నేను ఏమీ అనకపోయేసరికి తనూ ఏమీ అనలేదు.

నా బిడ్డ నడిచిపోయి ఆ వరసలో చివర నిలబడింది. అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టారు. లేనివారికి పంచే మనసిచ్చినందుకు స్తోత్రం అన్నారు, ఇచ్చిన చేతిని ఆశీర్వదించమన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను.

విందుకు ఆగకుండా ఇంటికొచ్చేశాం. కోడికూర ఎవరూ ముట్టలేదు, చిన్నవాడు తప్ప. బయట నాలుగు గంటల ఎండలో అక్క పట్టుచీరతోనే ప్లేటులో కేకు పట్టుకుని వచ్చింది. నా బిడ్డ లోపలి గదిలో ఉంది, తలుపు ఓరగా వేసి ఉంది. ఫైనాన్స్ తీసుకున్నావా అక్కా అని అడిగాను. తీసుకున్నానంది. వాళ్ల అన్నా వదినా వస్తున్నామని దీపావళికే చెప్పారట, ఆ వారంలోనే కూతుర్ని వెంటబెట్టుకుని పోయి బట్టలు కొనేసిందట. వాళ్ల ముందు ఆ గళ్ల బట్టలతో ఎట్లా కూర్చోవాలంది. బట్టలు పాడు చేయలేదు కదా, దేవుని ఇంటికే ఇచ్చాను కదా అంది.

దీపావళికే. అంటే ఆమె మా ఇంట్లో పల్లీలు నములుతూ కొలతలిచ్చే నాటికి గౌను కొని బీరువాలో ఉంది. ఆ పిల్ల జేబు అడిగేనాటికి ఆ పిల్లకూ తెలుసు. నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త ఆమెను ఎప్పుడూ తిట్టేది. అట్లాంటి మనిషి నెల రోజులు నోరు కట్టుకుని నా చేత కుట్టించింది. అప్పు చేసిందని నాకు అంత కోపం లేదు. ఎవరి పరువు వాళ్లకు ముద్దు. నాకు ఒళ్లు మండింది ఆ చంకల దగ్గర వదులు గురించి.

"మరి కొలతలెందుకిచ్చినవ్ అక్కా?"

ఆమె కేకు ప్లేటు గట్టు మీద పెట్టింది.

"నేను ఒద్దంటే నువ్వు గూడ అప్పుకు పోదువు చెల్లె. నువ్వన్న మంచిగుండాలని ఊకున్న."

ఆ మాటలో సగం నిజం ఉందేమో అని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆ రోజు మాత్రం, ఇట్లా కూడా మాట తయారుచేసుకోవచ్చా అని ఆశ్చర్యపోయాను. మోసం చేసి, అది నా మంచికే అని నా చేతిలోనే పెట్టి పోవడం. ఆమె నా చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాను. పో అక్కా అన్నాను.

ఆమె పోయాక నా బిడ్డ తలుపు తీసుకుని వచ్చింది. ఇంకా అదే డ్రెస్సులో ఉంది. ఏడ్చిన మొహం కాదు. దానికే నాకు భయమేసింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, చూశావా బిడ్డా మీ పెద్దమ్మ ఎంత పని చేసిందో అన్నాను. తను నా మాట పట్టించుకోలేదు.

"పెద్దమ్మ నోరు మూసుకున్నది, సరే. నువ్వెందుకు మూసుకున్నవ్?"

"పదిమందిల ఏమని మాట్లాడాలె బిడ్డా."

"నన్ను పదిమందిలనే నిలవెట్టినవ్ కదమ్మా."

గొంతు పెంచలేదు. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. అక్కడ తను నేలకేసి చూస్తూ నిలబడిందట. పక్కనున్న గిన్నెలు తోమే ఆమె కూతురు చూసి మెల్లగా చెయ్యి పట్టుకుందట. నీది కూడా మంచిగుంది అని చెవిలో అందట. ప్రార్థన అయ్యేదాకా చెయ్యి వదల్లేదట. ఆ పిల్ల పట్టుకున్నదమ్మా, నువ్వు తలకాయ గూడ ఎత్తలే అని, లోపలికి పోయి డ్రెస్సు మార్చుకుని, విడిచినదాన్ని మడిచి తన పుస్తకాల పక్కన పెట్టుకుంది. నా చేతికి ఇవ్వలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. మా గుమ్మం ముందు ఏ బండీ ఆగలేదు. మా ఆయన ప్రతి సాయంత్రం, చూశావా ఎంత హాయిగా ఉందో అని గుర్తు చేసేవాడు. బండి ఇప్పుడు అక్క ఇంటి ముందు ఆగేది. ఆమె కొడుకు వాకిట్లోకి వచ్చి అమ్మ లేదని చెప్పడం మా కిటికీలోంచి వినబడేది. మొదటి రోజు నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. నాలుగో రోజుకు ఆ సంతోషం కూడా పోయింది. అప్పు లేని పండుగ చేసుకున్నాను, అనుకున్నదంతా సాధించాను. ఇంట్లో నా బిడ్డ మాత్రం నన్ను అవసరానికి మించి ఒక్క మాట అడగడం లేదు.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికి ఆమె తయారై ఉంది. అదే ఆకుపచ్చ గళ్ల డ్రెస్సు. వేరేది వేసుకోరాదా అనబోయి మింగేశాను. చర్చిలో ఎప్పటిలా నేను గోడ పక్కన కూర్చుని, నా పక్కన ఆమెకు చోటు పెట్టాను. ఆమె నన్ను దాటి వెనక వరసకు పోయింది. గిన్నెలు తోమే ఆమె కూతురు ఆ రోజు కూడా జేబున్న డ్రెస్సే వేసుకొచ్చింది, బహుశా దానికి మించింది ఆ పిల్ల దగ్గర లేదు. ఇద్దరూ ఒక్కతీరు బట్టల్లో, ఒకే కీర్తనల పుస్తకం మీద తలలు ఆనించి కూర్చున్నారు. నేను చేత్తో పిలిచాను. నా బిడ్డ చూసింది, తల అడ్డంగా ఊపింది.

ఆరాధన మొదలయ్యాక అక్క ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. ఒక్కతే, మామూలు చీరలో. అటూ ఇటూ చూసి, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు దగ్గర ఆగింది. కూర్చోవాలా వద్దా అని నా మొహం చూసింది. చుట్టూ అందరూ మమ్మల్నే చూస్తున్నారనిపించింది. నేను గోడ వైపు జరిగి చోటిచ్చాను.